పెళ్లిచొక్కా కింద గుడ్డు

కదలకూడదు, ముందుకు వంగకూడదు, గోడకు చేరగిలబడకూడదు, నవ్వొస్తే పెదాలతోనే నవ్వాలి గాని పొట్ట కదిలేలా నవ్వకూడదు, ఎవరైనా ఆప్యాయంగా మీదికొస్తే మర్యాద తప్పకుండా పక్కకు ఒరగాలి, ఇంతే కదా, ఒక్క పూట ఈ మాత్రం చేయలేనా, అనుకుంటూ పెళ్లిళ్లు రిజిస్టరు చేసే ఆఫీసు వరండాలో చెక్కబల్ల అంచున కొయ్యబొమ్మలా కూర్చున్నాను. ఒంటి మీద కొత్త చొక్కా, దాని కింద బనియను, బనియను కింద ఎడమవైపు, గుండెకు కాస్త దిగువన, నా కుడికాలి సాక్సు, ఆ సాక్సులో ఒక కోడిగుడ్డు. సాక్సు మూతిని బూటు నాడాతో వదులుగా కట్టి మెడలో వేసుకున్నాను. అందుకే నా కుడి బూటుకు ఇప్పుడు లోపల సాక్సూ లేదు, పైన నాడా లేదు, నడిస్తే టపటపమంటోంది, కాబట్టి నడవడం కూడా మానేశాను. గుడ్డు లోపల ఎవరో ఉన్నారు. ఇందాక బస్సు గతుకులో పడ్డప్పుడు పెంకును టిక్కుమని కొట్టారు, నిద్ర చెడిపోయినవాళ్లు విసుక్కున్నట్టు. విసుక్కో నాయనా, లేదా నాయనమ్మా, ఎవరివైతే వాళ్లవి, నువ్వెంత విసుక్కుంటే నాకంత సంతోషం.

అసలు ఈ గుడ్డు ఆ గూట్లో ఉండవలసింది కాదు. మా పెరట్లో పొదుగుడుకు కూర్చున్నది మేనేజరమ్మ, గోధుమరంగు పెట్ట, ఎవరు ముందు తినాలో ఎవరు తర్వాత తినాలో ముక్కుతో తీర్పులు చెప్పే మనిషి, కాదు, కోడి. దాని కింద గుడ్లన్నీ ఒకేరోజు పెట్టాను, పెన్సిలుతో గీత గీసి మరీ పెట్టాను, ఎందుకంటే పొదిగే పెట్ట అలా నీళ్లకు లేచిందంటే చాలు, మిగతావి వచ్చి ఆ వెచ్చటి గూట్లోనే గుడ్డు పెట్టి పోతాయి, సాయంత్రం గీత లేనివి ఏరి తీసేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ముందు పెట్టినవి ముందు పగులుతాయి, పిల్లలు ఎండిపోయి కాళ్లు సాగగానే తల్లి వాటిని వెంటేసుకుని లేచిపోతుంది, వెనకబడ్డవాటికోసం ఆగదు. దాని తప్పు కాదు, కళ్లముందు తిరుగుతున్న పిల్లల్ని చూసుకోవాలా, పెంకులో ఉన్నదాన్ని చూసుకోవాలా. ఇదంతా మా అమ్మాయికి విడమరిచి చెప్పాను. కాని మేనేజరమ్మ కూర్చున్న రెండ్రోజులకు, ఇక గుడ్డు పెట్టదని మేమంతా ఒదిలేసిన బామ్మ, మా ఆవిడ చేతుల మీద పెరిగిన ఆఖరి పెట్ట, ఈకలు ఊడి మెడ సన్నబడిపోయిన బామ్మ, కట్టెల వెనక ఎక్కడో ఒక గుడ్డు పెట్టి ఊరంతా వినపడేలా అరిచింది. అమ్మాయి ఆ గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, ఇది కూడా పెడదాం." "తేదీలు కుదరవే అమ్మడూ, అది లేచిపోతే ఇది మధ్యలో చచ్చిపోతుంది, మనకే బాధ." సరేనంది. అంత తేలిగ్గా సరేనంటే అనుమానం రావాలా లేదా. మర్నాడు గూడు చూస్తే గీతలున్నవాటి మధ్య ఒకటి, కొంచెం పొడుగాటిది, దాని మీద కూడా పెన్సిలు గీత, నేను గీసేలాంటి గీతే, ఎంత జాగ్రత్తగా నకలు చేసిందో. తీసేయబోయాను. గోరువెచ్చగా తగిలింది. మళ్లీ పెట్టేశాను. నాకు తెలిసినట్టు ఆమెకు చెప్పలేదు.

అంతా నేను చెప్పినట్టే జరిగింది, అదే నాకు నచ్చలేదు. ఈ పొద్దున తలుపు తీసేసరికి మేనేజరమ్మ పెరట్లో ఉంది, కాళ్ల చుట్టూ పసుపూ నలుపూ ఉండలు దొర్లుతున్నాయి, నేల గీకి చూపిస్తోంది, ఇదిగో ఇది పురుగు, ఇది పుల్ల, పుల్లను తినకూడదు. గూట్లో పెంకుల మధ్య ఆ పొడుగాటి గుడ్డు ఒక్కటే. చల్లబడుతోంది. చెవి దగ్గర పెట్టుకున్నాను, ఏమీ లేదు, తర్వాత టిక్. కాస్త తిప్పి చూస్తే లావుపాటి వైపు చిన్న పగులు, అగ్గిపుల్ల తలంత. ఇంట్లో బల్బు పెట్టిన అట్టపెట్టె ఉంది, ఇలాంటి అనాథలకోసమే మా ఆవిడ చేయించింది, కాని మా వీధిలో తీగలు మారుస్తున్నారు, కరెంటు సాయంత్రానికి గాని రాదు. గుడ్డును మేనేజరమ్మ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను, నా వేలు పొడిచింది. ఈరోజు తన పెళ్లికి తయారవడానికి వీలుగా అమ్మాయి రాత్రి వాళ్ల పిన్ని ఇంట్లో పడుకుంది, ఈ ఆఫీసు అక్కడికి దగ్గర. ఇంట్లో వెచ్చగా ఉన్న వస్తువు ఏదని చూస్తే, నేనే.

వాతావరణ కేంద్రంలో ఉద్యోగమంతా ఉష్ణోగ్రతలు చూసి రాయడంతోనే గడిచింది నాకు. ఎండ వేడి, నీడ వేడి, నేల వేడి, తడిగుడ్డ చుట్టిన గాజుబుడ్డి వేడి, అన్నీ చూశాను గాని, నా ఒంటి వేడి ఇంకొకరికి పనికొస్తుందని ఇన్నాళ్లూ తోచలేదు. మనిషి వేడి కోడి వేడికంటే తక్కువే, అయినా సర్దుకుంటుంది, తెల్లారి ఒంటరిగా పడి ఉన్నదానికి ఇది రాజభోగం. సాక్సును కాస్త తడిపాను, పొర ఎండిపోతే పిల్ల లోపల ఇరుక్కుపోతుంది. అందుకే ఇప్పుడు నా పొట్ట మీదికి సన్నగా నీరు దిగుతోంది, చక్కిలిగిలి పెడుతోంది, నవ్వకూడదు, నవ్వకూడదు.

"బావగారూ, నొప్పా?"

మా మరదలు, అమ్మాయికంటే ముందే వచ్చేసింది. ఏళ్ల తరబడి ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, మనిషిని చూడగానే నాడి వెతుక్కుంటుంది. నాకు తెలియకుండానే నా చెయ్యి ఎడమవైపు ఛాతీ మీదికి వెళ్లి ఉంది.

"నొప్పేం లేదమ్మా."

"నొప్పి లేకపోతే చెయ్యి అక్కడెందుకు పెట్టుకుంటారు? చెమటలు కూడా పోస్తున్నాయి. ఎడమచెయ్యి లాగుతోందా?"

"లాగట్లేదు. కొత్త చొక్కా. బిగుతుగా ఉంది."

"మొన్న వేసి చూసినప్పుడు సరిగ్గానే ఉంది కదా, ఈ రెండ్రోజుల్లో ఏం తిన్నారేంటి?" అని, నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించింది. "అక్కయ్య గుర్తొస్తోందా?"

గుర్తు రాని పూట ఏదైనా ఉంటే కదా. తల ఊపాను, అబద్ధం కాదు కాబట్టి ఊపాను. ఆమె నా భుజం తట్టబోయింది, నేను ఒరిగాను, ఆమె చెయ్యి గాలిలో ఆగింది. మగవాళ్లు ఏడుపు ఇలాగే దాచుకుంటారని అనుకుందేమో, పాపం, మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. గోడ మూలన నీళ్ల డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన గ్లాసు, ఆ గ్లాసు బల్లదాకా రాదు, ఆమె గొలుసుతో కాసేపు పోట్లాడి, చివరికి దోసిట్లో పట్టుకొస్తోంది, సగం దారిలోనే కారిపోయింది. ఎంత మంచిదో ఈ మనిషి. ఆ తడిచేతులతోనే నా నుదురు తుడిచింది. చల్లగా ఉంది. టిక్, అన్నాడు లోపలివాడు, చల్లదనం తనకే తగిలినట్టు.

గుర్తు రావడమంటే, నిజానికి, ఇప్పుడు గుర్తొస్తున్నది ఆవిడ పోవడం కాదు. గుర్తొస్తున్నది మా ఆవిడ గూటి ముందు గొంతుకూర్చుని, చెవి ఒగ్గి, "ష్, మాట్లాడుకుంటున్నారు" అనడం. పొదుగుడు చివర్లో తల్లి గొంతులోనే సన్నగా గురగురమంటుంది, గుడ్లలోంచి జవాబు వస్తుంది, పెంకు ఇంకా పగలకుండానే. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, "లోపలెలా ఉందని అడుగుతోంది, ఇరుగ్గా ఉందంటున్నారు" అనేది. పెళ్లయిన కొత్తలో నాకు కోళ్లంటే వాసన, రెట్ట, తెల్లవారగట్ల గోల, ఇంతే. ఒకసారి అప్పుడే పుట్టిన పిల్లను నా అరచేతిలో పెట్టి తలుపు వేసుకుని వెళ్లిపోయింది, ఏం చేయాలో తెలియక ఎంతసేపో అలాగే నిలబడిపోయాను, అది నా అరచేతిలో మోకాళ్లు మడిచి, మెడ వాల్చి, ఒక్కసారిగా నిద్రపోయింది, అంత నమ్మకం నా మీద అప్పటిదాకా ఎవరూ పెట్టలేదు. తర్వాత అన్నీ ఆవిడే నేర్పింది. పిల్లలకు నీళ్లు లోతు లేని మూతలో పెట్టాలి, అందులో గులకరాళ్లు వేయాలి, లేకపోతే తాగబోయి మునుగుతాయి. మొదటిసారి ముక్కు పట్టి నీళ్లలో ముంచి చూపించాలి, ఒకదానికి చూపిస్తే చాలు, మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. నూకలు వేలితో టకటక కొట్టి చూపించాలి, వేలే తల్లి ముక్కు అనుకుంటాయి. అట్టపెట్టెలో బల్బు పెట్టినప్పుడు నేను ఆఫీసునుంచి థర్మామీటరు తెచ్చి వేలాడదీస్తే ఎంత నవ్విందో. "మీ గాజుపుల్ల ఎందుకండీ, పిల్లల్నే చూడండి, గుంపుగా నక్కితే చలి, మూలలకు పారిపోతే వేడి, చెల్లాచెదరుగా పడుకుంటే సరిపోయింది." ఆ తర్వాత ఆఫీసులో కూడా, కిటికీలోంచి వీధిలో జనాన్ని చూసి, నీడకు నక్కినవాళ్లు ఇంతమంది, చెల్లాచెదరుగా ఉన్నవాళ్లు ఇంతమంది, ఈరోజు హాయిగా ఉంది, అని మనసులో రాసుకునేవాణ్ణి. ఆవిడ పోయాక ఇంటికొచ్చినవాళ్లందరూ ఓదార్చారు, కోళ్లు మాత్రం ఓదార్చలేదు, తెల్లారగానే తలుపు తీయమని తన్నాయి. వాటికోసం లేవాల్సి వచ్చింది. లేచాను కాబట్టి మొహం కడిగాను, కడిగాను కాబట్టి టీ పెట్టుకున్నాను, అలా అలా ఒక్కో రోజూ నడిచింది.

"నాన్నా!"

వచ్చేసింది. నేరేడుపండు రంగు బట్టల్లో, జడలో తెల్లపూలు, వాళ్లమ్మ నడకే, మడమలు నేలకానీకుండా. వెనకాల కాబోయే అల్లుడు, కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అబ్బాయి, ఎప్పుడూ ఏదో ఒకదాని అంచు పట్టుకుని ఉంటాడు, ఇప్పుడు తన చొక్కా అంచే పట్టుకుని ఉన్నాడు. అమ్మాయి రెండు చేతులూ చాచి నా మీదికి దూసుకొచ్చింది. ఒక్క క్షణం, ఒక్క క్షణం అన్నీ మర్చిపోయి లేవబోయాను, లోపల సాక్సు ఊగింది, చప్పున చెయ్యి ముందుకు చాపేశాను, కరచాలనానికి. కన్నకూతురికి పెళ్లిరోజు కరచాలనం. ఆమె ఆ చేతిని చూసింది, నన్ను చూసింది, మెల్లగా పట్టుకుంది.

"ఏంటి నాన్నా ఇది, బ్యాంకు మేనేజర్‌లాగా?"

"చొక్కా నలుగుతుందని."

"నీ చొక్కా నలుగుతుందని నన్ను దగ్గరికి తీసుకోవా?"

"నీ పూలు కూడా నలుగుతాయి కదమ్మా."

నవ్వలేదు. పక్కన కూర్చుంది, కాస్త ఎడంగా, నేనే ఎడం జరిగాను కాబట్టి. చెప్పేస్తే? చెప్పేయొచ్చు, ఇదిగో నువ్వు దొంగచాటుగా దూర్చిన గుడ్డు, ఇదిగో చూడు, పగులుతోంది. కాని పగలకపోతే? పగులు వేసినంత మాత్రాన బయటికి రావాలని లేదు, ఎన్ని చూశాను, సగం కొట్టుకొని అలిసిపోయి ఆగిపోయినవి, తెల్లారి తీసి చూస్తే ముక్కు బయటికి పెట్టి అలాగే. ఈరోజు ఆమె చేతిలో అలాంటిది పెట్టలేను. తర్వాత ఎప్పుడైనా, రేపో ఎల్లుండో, పోయిందమ్మా అని చెబితే ఒకలా ఉంటుంది, పూలు పెట్టుకుని నవ్వుతున్న పూట కాదు. బతికితే చెబుతాను, లేకపోతే చెప్పను, అని పొద్దున బస్సెక్కేటప్పుడే గట్టిగా అనుకున్నాను. కాని ఇలా అవుతుందని అనుకోలేదు, ఆమె మొహంలో వెలుగు ఇలా తగ్గుతుందని.

"నాన్నా, నిజం చెప్పు. అతనంటే నీకిష్టం లేదా?"

"ఛ. బంగారంలాంటి పిల్లాడు."

"మరి నువ్వు ఒంటరివైపోతావని బెంగా?"

"బెంగేం లేదే. ఇల్లంతా కోళ్లే."

"అమ్మ ఉంటే నన్ను వదిలేది కాదు, పొద్దుట్నుంచీ పట్టుకునే ఉండేది," అంది, నా వైపు చూడకుండా, గుమ్మం పక్కన కాపలావాడి స్టూలు వైపు చూస్తూ. అంత మాట అనేశాక తనే సర్దుకుని, నా కాలి వైపు చూసింది. "సాక్సు ఒక్కటే వేసుకున్నావేంటి?"

"ఒకటి దొరకలేదు."

మళ్లీ లేచి అల్లుడి దగ్గరికి వెళ్లింది. అతను ఏదో చెబుతున్నాడు, ఆమె తల అడ్డంగా ఊపుతోంది. ఆస్పత్రిలో ఇలాంటి వరండాలోనే, ఇలాంటి బల్ల మీదే, నడుం ఎత్తు వరకు ఇలా పచ్చరంగు వేసిన గోడకే ఆనుకుని, లోపల గదిలో ఇదే పిల్ల పుడుతుంటే కూర్చున్నాను ఒకప్పుడు. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని. అప్పుడూ లోపలికి వెళ్లి సాయం చేయడానికి వీల్లేదు, వేడిగా ఉండటం తప్ప చేయగలిగింది లేదు. నర్సు బయటికొచ్చి గుడ్డలో చుట్టిన మూటను నా ఒళ్లో పెట్టి, "గట్టిగా పట్టుకోకండి, వదులుగా కూడా పట్టుకోకండి" అంది, ఆ నర్సు మా మరదలే. ఎలా పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు, కాని ఏదో ఒకలా ఇంతవరకూ వచ్చాం, పడేయలేదు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ, ఎంతసేపటినుంచో టిక్‌మనలేదన్న సంగతి తట్టింది. చొక్కా మీదనుంచి అరచెయ్యి ఆనించాను. ఏమీ లేదు. నా గుండె ఒకటి, పక్కనే ఉండి అడ్డం పడుతోంది, నువ్వు కాసేపు ఊరుకోవయ్యా, వాడి మాట విననీ. ఏమీ లేదు. బస్సులో బాగా ఊగిందా, సాక్సు ఆరిపోయిందా, ఇందాక లేవబోయినప్పుడు ఏమైనా అయిందా. మా ఆవిడలా గొంతులోనే గురగురమని చూశాను, చాలా సన్నగా. బల్ల అవతలి కొసన కూర్చున్న ముసలాయన నన్ను చూసి మరికాస్త అవతలికి జరిగాడు.

పేర్లు పిలిచారు. టపటపమని బూటు ఈడ్చుకుంటూ లోపలికి నడిచాను. చిన్న గది, ఎత్తు బల్ల, బల్ల మీద వంగిన మెడ ఉన్న దీపం, ముద్రలు, సిరా దిండు, వెనకాల రిజిస్ట్రారమ్మ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. అల్లుడు ఆ అద్దాల వంక వృత్తిరీత్యా చూస్తున్నాడు, ఫ్రేము వంకర పోయింది, ఇప్పుడు చెప్పాలా తర్వాత చెప్పాలా అని. అమ్మాయి నా వైపు చూడటం లేదు. రిజిస్ట్రారమ్మ చదవవలసినవి చదివింది, అడగవలసినవి అడిగింది, వీళ్లు ఒప్పుకున్నామన్నారు. అప్పుడు కళ్లద్దాలు పైకి తోసుకుని, గదిలో అందరినీ ఒకసారి చూసి, "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి" అని ఆగింది. రూలు ప్రకారం కొంచెం సేపు ఆగాలి కాబోలు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

కియ్, అని వినిపించింది నా ఛాతీలోంచి. కియ్, కియ్, కియ్.

రిజిస్ట్రారమ్మ కలం కింద పెట్టింది. "ఎవరది?"

"అభ్యంతరం కాదండీ," అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు, ఒళ్లంతా వెలుతురు పాకినట్టుంది. "ఆకలండీ. కాదు, ఆకలి ఇంకా వేయదు. ఇరుగ్గా ఉందంటోంది."

"బావగారూ!" మరదలు నా నాడి పట్టుకుంది. అప్పటికే నేను గుండీలు విప్పేస్తున్నాను, కాపలావాడు గుమ్మంలోకి వచ్చాడు, "పెద్దాయన చొక్కా విప్పేస్తున్నాడమ్మా" అని ఎవరికో చెబుతున్నాడు. సాక్సు బయటికి తీశాను. రిజిస్ట్రారమ్మ సిరా దిండును పక్కకు జరిపింది. దీపం మెడ వంచి వెలుగు కిందికి దించింది. ఆవిడ పెరట్లోనూ కోళ్లు ఉండి ఉంటాయి, లేకపోతే అంత తొందరగా ఆ పని తోచదు. గుడ్డు చుట్టూ పగులు తిరిగి ఉంది, మూత తెరిచినట్టు పైచిప్ప లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. అల్లుడు జేబులోంచి అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, ముడతలు లేకుండా దీపం కింద పరిచాడు, "మావయ్యగారూ, దీని మీద పెట్టండి, దీనికి నూగు ఉండదు" అన్నాడు. అమ్మాయి బల్ల మీదికి వంగింది. ఊపిరి కూడా తీయడం లేదు. పైచిప్ప ఒక్క తన్నుతో పక్కకు పోయింది, తడిసి ముద్దైన నల్లటి పోగు ఒకటి బయటికి దొర్లి, పెద్ద పెద్ద కాళ్లతో, మూసుకున్న కళ్లతో, మెడ మోయలేక గుడ్డ మీద వాలిపోయి, ఆ వాలిన చోటినుంచే గదిలో అందరినీ కలిపి తిట్టింది.

"నేను పెట్టిన గుడ్డు కదూ ఇది?" అంది అమ్మాయి.

"పెట్టింది బామ్మ. దూర్చింది నువ్వు."

"నీకు తెలుసా?"

"నాలాగే గీత గీస్తే తెలియదా? నీ గీత నా గీతకంటే బావుంది."

"బస్సులో, ఇలా, పొద్దుట్నుంచీ..." అని ఆగి, బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. "సంతకాలు," అంది రిజిస్ట్రారమ్మ, "సంతకాలయ్యాక మీ ఇష్టం," కాని తను కూడా పిల్లనే చూస్తోంది, అద్దాలు మళ్లీ ముక్కు చివరికి జారిపోయాయి. మరదలు నవ్వుతూ ఏడుస్తూ, ఏడుస్తూ నవ్వుతూ, నా గుండీలు తనే పెట్టబోయి ఒకటి తప్పి ఇంకొకటి పెడుతోంది. నేను ఆమె చేతులు మెల్లగా తప్పించాను. ఛాతీ మీద గుడ్డు ఉన్న చోట బనియను తడిగా, ఇంకా వెచ్చగా ఉంది, అక్కడ ఇప్పుడేమీ లేదు, ఎంత ఖాళీనో, ఎంత చోటో. రెండు చేతులూ చాపాను. వచ్చి ఢీకొట్టింది, చిన్నప్పటిలాగే తలతో, పూలు నలిగాయి, చొక్కా నలిగింది.

"ఇంకా మెల్లగా పట్టుకుంటావేంటి," అంది నా భుజంలోకి, "గట్టిగా పట్టుకో నాన్నా, ఇప్పుడింక పగిలేదేం లేదుగా."